జనరేటర్‌తో కారవాన్ బ్యాటరీ చార్జింగ్: ఆ 12 వోల్టుల సాకెట్ జోలికి పోకండి!

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ జనరేటర్ కంపెనీవాళ్లు ఫ్రీగా పంపిందే. డబ్బులు మాత్రం తీసుకోలేదు, కాబట్టి తిట్టే హక్కు నాకుంది. స్పెసిఫికేషన్లు మీరు ఈపాటికి చూసే ఉంటారు, మళ్లీ చదవను.

గండికోటలో బండి ఆపుకుని రాత్రంతా ఫ్యాను, చిన్న ఫ్రిజ్ నడిపితే పొద్దునకల్లా నా 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, అంటే బ్యాటరీలో పట్టే చార్జ్ లెక్క) ట్యూబులర్ బ్యాటరీ, అదే ఇళ్లలో ఇన్వర్టర్లకు పెట్టే లెడ్ యాసిడ్ రకం, సగానికి దిగింది. నా గోలంతా ఇక్కడే. ప్యానెల్ మీద 12 వోల్టుల డీసీ సాకెట్ ఒకటి, పక్కనే బ్యాటరీ బొమ్మ. చూసినవాళ్లెవరైనా వైరు అందులోనే పెడతారు. దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఏం రాశారో కెమెరా దగ్గరికి తెస్తా, చూడండి... 8 ఆంపియర్లు! 75 ఏహెచ్ నింపాలంటే తొమ్మిది గంటలు దాటుతుంది. అంతసేపు పెట్రోలు తగలేస్తూ కూర్చోవాలా? పైగా నిండాక తనంతట తాను ఆగదు. మర్చిపోయి కోట చూడ్డానికి వెళ్లారంటే బ్యాటరీ ఉడికిపోతుంది.

230 వోల్టుల ప్లగ్గులో 30 ఆంపియర్ల మంచి ఆటోమేటిక్ చార్జర్ పెట్టండి. అది లాగేది ఐదారు వందల వాట్లు, ఈ 1 కేవీఏ (సుమారు వెయ్యి వాట్ల) మిషన్‌కు లెక్కే కాదు. రెండు గంటల్లోపే ఎనభై శాతం దాకా వస్తుంది. ఆ తర్వాత లెడ్ యాసిడ్ బ్యాటరీ కరెంటు తీసుకోవడం తగ్గించేస్తుంది, ఎంత పెద్ద జనరేటర్ తెచ్చినా అంతే. నేనైతే అక్కడ ఆపేసి మిగతాది సోలార్ ప్యానెల్‌కు వదిలేస్తా. లిథియం బ్యాటరీ అయితే దాదాపు చివరిదాకా అదే జోరు, కానీ దానికి తగ్గ చార్జర్ వేరే కొనాలి.

శబ్దం సంగతి. కడపలో మా ఇంట్లో పాత కిరోసిన్ జనరేటర్ ఉండేది. తాడు లాగితే మా ఇంట్లో కరెంటు పోయిందని వీధి చివరి వాళ్లకూ తెలిసేది. దీని పక్కన నిలబడి మామూలుగా మాట్లాడుకోవచ్చు. లోడు తక్కువున్నప్పుడు ఇంజిన్ వేగం తగ్గించే ఎకో స్విచ్ వేస్తే ఇంకా నెమ్మది.

వానొచ్చిందని దీన్ని బండిలోకి ఎక్కించి మాత్రం నడపకండి. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

పదికి ఏడు ఇస్తా, మూడు కోసింది ఆ సాకెట్‌కే. కంపెనీవాళ్లు చూస్తుంటే, ముందు ఆ బ్యాటరీ బొమ్మ తీసేయండన్నా!