ఉప్పెన రాకముందే

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

మనిషి స్వభావం, ప్రేమ, మానవజాతి భవిష్యత్తు. ఈ మూడింటి గురించి మాట్లాడమన్నారు. మూడూ ఒక్కచోట ఎదురుపడిన సందర్భం మన కృష్ణా జిల్లాలోనే ఉంది. దాన్ని వదిలిపెట్టి దూరదేశాల తత్వవేత్తల దగ్గరికి వెళ్ళడానికి నాకు మనసు ఒప్పలేదు. 1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన.

మీ వయసు పిల్లలకు అది పుస్తకంలో రెండు వాక్యాలు. మీ తాతయ్యలకు, అమ్మమ్మలకు అలా కాదు. అయిదు మీటర్ల ఎత్తున సముద్రం లేచి, నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతాల మీద పడింది. సర్కారు లెక్కలోనే చనిపోయినవారు పదివేలు. అంతకంటే చాలా ఎక్కువని అక్కడివాళ్ళు ఈనాటికీ అంటారు. ఆ తర్వాతి ఏళ్ళలో నేను ఆ వైపు బడుల్లో పాఠాలు చెప్పాను. ఉప్పెనలో బతికి బయటపడ్డవాళ్ళు, వాళ్ళ పిల్లలు నాకు తెలుసు. ఈ మాటలు వాళ్ళ దగ్గర విన్నవే.

బతికినవాళ్ళలో చాలామంది చెట్లను పట్టుకుని బతికారు. తాటిచెట్టో, తుమ్మచెట్టో, ఏది దొరికితే అది. ఒక చేత్తో చెట్టును, ఇంకో చేత్తో బిడ్డను పట్టుకున్నారు. కొందరికి ఆ రెండో చెయ్యి నిలవలేదు. వాళ్ళు ఆ తర్వాత ఎన్నేళ్ళు బతికినా, ఆ చేతిని చూసుకుంటూనే బతికారు. "పంతులుగారూ, నేను గట్టిగా పట్టుకోలేదేమో" అని ఒక తల్లి నాతో అన్నప్పుడు ఆమెకు అరవై ఏళ్ళు దాటాయి. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఆమె ప్రేమలో లోటు ఏమీ లేదు. అయిదు మీటర్ల నీటిని ఏ తల్లి చెయ్యీ ఆపలేదు. ఆమెకు కావలసింది ఇంకాస్త ప్రేమ కాదండీ. నాలుగు కాంక్రీటు స్తంభాల మీద ఒక గట్టి కప్పు, దాని దగ్గరికి ఒక దారి, ముందురోజు వచ్చి "పదమ్మా" అని పిలిచే మనిషి ఒకరు. అవి లేకపోవడం ఆమె తప్పు కాదు. ఆమెకు అవి అమర్చి ఉండాల్సింది మిగతా లోకం.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదే. మనుషుల్లో ప్రేమ లేదని నేను అనుకోను. అది ఆలస్యంగా వస్తుంది.

ఉప్పెన తర్వాత ఏం జరిగిందో చూడండి. విజయవాడ నుంచి, గుంటూరు నుంచి, అటు తెలంగాణ జిల్లాల నుంచి బియ్యం, బట్టలు, మందులు వచ్చాయి. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జనంలోకి వెళ్ళి జోలె పట్టి విరాళాలు పోగుచేశారు. మదర్ థెరిసా దివిసీమకు వచ్చారు. అవనిగడ్డ శాసనసభ్యుడు మండలి వెంకట కృష్ణారావుగారు ఆ బురదలో, ఆ శవాల మధ్య తిరుగుతూ జనాన్ని నిలబెట్టారు. కాలేజీ కుర్రాళ్ళు ముక్కుకు గుడ్డ కట్టుకుని, ముఖం కూడా తెలియని శవాలను మోశారు. ఆ శవం ఏ కులమో అడిగినవాడు లేడు. అడగడానికి ఆనవాలు మిగిలితే కదా. మనిషి పుట్టుకతోనే స్వార్థపరుడని ఎవరైనా గట్టిగా వాదిస్తే నాకు ఆ కుర్రాళ్ళే గుర్తొస్తారు. వాళ్ళకు ఎవరూ జీతం ఇవ్వలేదు, ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు.

అయితే రెండో వైపు దాచిపెట్టి మాట్లాడితే అది నిజాయితీ కాదు. కష్టం పాతబడేకొద్దీ పాత గోడలు మళ్ళీ లేస్తాయి. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలోని కొన్ని సహాయ శిబిరాల్లో దళిత కుటుంబాలను పక్కన పెట్టారన్న సంగతి అప్పట్లోనే బయటికి వచ్చింది. ఒకే అల తాకినవాళ్ళే ఒకే కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకోనివ్వలేదు. శవాన్ని మోసిన చెయ్యీ, కుళాయి దగ్గర అడ్డుపెట్టిన చెయ్యీ వేరు వేరు జాతులవి కావు. ఆ రెండూ మన చేతులే. కళ్ళెదుట ప్రాణం పోతుంటే పరిగెత్తుతాం. ఎవరో రాయని చట్టంగా పెట్టిపోయిన గీత దగ్గర ఆగిపోతాం. ఇన్నేళ్ళ జీవితంలో మనిషి స్వభావం గురించి నాకు అర్థమైంది ఇంతే.

మరి ఈ స్వభావంతోనే మనం ముందుకు ఎలా వచ్చాం? ఒక్కసారి మచిలీపట్నం చరిత్ర చూడండి. 1864 నవంబరు 1న బందరు మీదికి ఉప్పెన వచ్చింది. ముప్పై వేల మంది దాకా పోయారు. దానికి నెల ముందే, అక్టోబరు 5న, కలకత్తాను ఇంకో తుపాను ముంచేసింది. ఆ పైన 1866లో, 1871లో వానలు మొహం చాటేశాయి. ఈ దెబ్బలన్నీ తగిలాకే 1875లో భారత వాతావరణ శాఖ పుట్టింది. ఎంతమంది పోతే ఒక ఆఫీసు వచ్చిందో చూడండి. టీవీలో అల్పపీడనం వార్త వచ్చినప్పుడు నాకు ఆ బందరు జనం గుర్తొస్తారు. వాళ్ళకు తెలియకుండానే మనకు ఇచ్చిపోయినది అది.

1977 తర్వాత కూడా అంతే. తీరం వెంట తుపాను షెల్టర్లు లేచాయి. సరుగుడు తోటలు నాటారు. ఇన్‌శాట్ ఉపగ్రహం ద్వారా తీరంలోని ఊళ్ళకు నేరుగా హెచ్చరిక పంపే ఏర్పాటు వచ్చింది. 1990 మే 9న మళ్ళీ అదే కృష్ణా ముఖద్వారం దగ్గర, 1977 దానికి ఏమాత్రం తీసిపోని తుపాను తీరం దాటింది. ఆరు లక్షల మందికి పైగా జనాన్ని ముందే ఖాళీ చేయించారు. చనిపోయినవారు వెయ్యిలోపు. ఆ వెయ్యిలోపు కూడా మనుషులే, వాళ్ళ ఇళ్ళలో అది చిన్న లెక్క కాదు. కానీ అంతకు పదమూడేళ్ళ ముందు అదే సముద్రం పదివేల మందిని తీసుకుపోయింది. సముద్రం మారలేదు. మనం కొంచెం మారాం.

1990లో ఇల్లిల్లూ తిరిగి జనాన్ని కదిలించిన టీచర్లలో నేనూ ఉన్నాను. ఒక ముసలాయన ఎంత చెప్పినా కదల్లేదు. గేదెను వదిలి రానన్నాడు. "అది పోయాక నేను ఉండి ఏం చెయ్యను పంతులుగారూ" అన్నాడు. పోలీసులు గొంతు పెంచారు, లాభం లేకపోయింది. పక్క వీధి కుర్రాడు ఒకడు వచ్చి, "తాతా, గేదెను నేను కరకట్ట మీదికి తోలుకెళ్తా, నువ్వు పంతులుగారితో వెళ్ళు" అన్నాడు. అంతే, ఆయన చెప్పులు వేసుకున్నాడు. ఆ తాతకూ ఈ కుర్రాడికీ చుట్టరికం లేదు. నిజం చెప్పాలంటే ఆ రెండు వీధుల మధ్య అంత పొత్తు కూడా లేదు. ప్రాణం కాపాడాలంటే ఆ ప్రాణం దేన్ని పట్టుకుని ఉందో ముందు తెలుసుకోవాలని ఆ కుర్రాడికి ఎవరు చెప్పారో నాకు తెలియదు. మాకు మాత్రం అతనే చెప్పాడు.

సరిగ్గా ఈ పాఠాన్నే బంగ్లాదేశ్ ఒక దేశంగా నేర్చుకుంది. 1970లో భోలా తుపానులో అక్కడ మూడు లక్షల మందికి పైగా పోయారని అంచనా. ఆ తర్వాత ఊరూరా స్వచ్ఛంద కార్యకర్తలను తయారుచేశారు. అయినా 1991లో మళ్ళీ లక్షా ముప్పై ఎనిమిది వేల మంది పోయారు. వాళ్ళలో ఆడవాళ్ళు మగవాళ్ళకంటే చాలా ఎక్కువ. ఎందుకు? భర్త ఇంట్లో లేకపోతే గడప దాటడానికి సందేహించారు. పరాయి మగవాళ్ళతో కిక్కిరిసిన షెల్టర్లో ఎలా ఉండాలని భయపడ్డారు. పిల్లల్ని చంకనేసుకుని, చీరకట్టుతో ఎదురుగాలిలో నడవలేకపోయారు. కట్టడం ఉన్నంత మాత్రాన సరిపోదని అప్పుడు తెలిసింది. ఆడవాళ్ళకు వేరే గది, వేరే మరుగుదొడ్డి కావాలి. పశువులకు ఎత్తయిన మట్టిదిబ్బ కావాలి. తలుపు తట్టి పిలిచేది సాటి ఆడమనిషి అయితే ఇంట్లో ఆడది ధైర్యంగా బయటికి వస్తుంది. ఇవాళ అక్కడ వేలాది మంది మహిళా కార్యకర్తలు ఉన్నారు. 2007లో సిదర్ అనే పెద్ద తుపాను వచ్చినప్పుడు మరణాలు మూడు, నాలుగు వేల దగ్గర ఆగాయి. మరుగుదొడ్డి గురించి ఆలోచించడం కూడా ప్రేమేనా అని మీలో ఎవరికైనా అనిపిస్తే, అవును, నా ఉద్దేశంలో ప్రేమలో చాలా భాగం అక్కడే ఉంది.

ఇంకొక్క సంగతి చెబుతాను. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర భూకంపం వచ్చింది మన టైములో ఉదయం ఆరున్నరకు. అల మన తూర్పు తీరాన్ని తాకడానికి రెండు గంటలకు పైగా పట్టింది. రెండు గంటలు! పసిఫిక్ సముద్రానికి 1949 నుంచీ సునామీ హెచ్చరిక కేంద్రం ఉంది. హిందూ మహాసముద్రానికి లేదు. అలలు వస్తాయని తెలిసినవాళ్ళు లోకంలో ఉన్నారు, ఒడ్డున ఆడుకుంటున్న పిల్లలూ ఉన్నారు. ఇద్దరినీ కలిపే తీగ లేదు. రెండు లక్షల పైచిలుకు జనం పోయాక, 2007లో మన హైదరాబాదులో ఆ కేంద్రం మొదలైంది. సముద్రం కంటికి కనిపించని ఊళ్ళో కూర్చుని కొందరు రాత్రింబవళ్ళు హిందూ మహాసముద్రాన్ని కనిపెట్టుకుని ఉన్నారు. వాళ్ళు కాపాడబోయే మనిషి ఇండోనేషియాలో ఉంటాడో, శ్రీలంకలో ఉంటాడో, మన ఉప్పాడలో ఉంటాడో వాళ్ళకు తెలియదు. మానవజాతి మీద నాకు నమ్మకం పోనివ్వని పనుల్లో అదొకటి.

ఇక భవిష్యత్తు. నా దిగులు కూడా ఇక్కడే మొదలవుతుంది. ఇంతవరకూ మనం నేర్చుకున్నదంతా శవాల దగ్గర నేర్చుకున్నాం. 1864 తర్వాత ఒకటి, 1977 తర్వాత ఒకటి, 2004 తర్వాత ఒకటి. ఇకముందు వచ్చే కష్టం అలా నేర్చుకునే వ్యవధి ఇవ్వదు. సముద్రం వేడెక్కుతోంది. వేడెక్కిన నీరు తుపానుకు బలం. నీటిమట్టం పెరుగుతోంది. కాకినాడ దగ్గర ఉప్పాడలో కడలి ఇళ్ళను, రోడ్డును కోసుకుపోవడం మీరంతా చూస్తూనే ఉన్నారు. మనం ఇవాళ వదిలే పొగలో కొంత వందల ఏళ్ళు గాలిలోనే ఉంటుంది. అంటే మన పని వల్ల తడిసేవాళ్ళు ఇంకా పుట్టలేదు. వాళ్ళ ముఖం మనకు కనిపించదు, ఏడుపు వినిపించదు. కళ్ళెదుట ఉన్నవాడి కోసం మాత్రమే పరిగెత్తే మన స్వభావానికి ఇంతకంటే పెద్ద పరీక్ష రాలేదు.

గెలుస్తామా? గెలిచే శక్తి మనలో ఉందని నమ్ముతున్నాను. 1999లో ఒడిశా సూపర్ సైక్లోన్ తర్వాత కేంద్రపడ జిల్లా ఊళ్ళను పరిశీలించినవాళ్ళు, సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి, అంటే ఉప్పునీటి బురదలో పెరిగే చెట్ల అడవి, వెడల్పుగా ఉన్నచోట మరణాలు తగ్గాయని తేల్చారు. ఆ మడ చెట్లను వంటచెరకుకు కొట్టకుండా ఎవరో కొన్నేళ్ళు ఆగారు. చేపల చెరువు కోసం చదును చెయ్యకుండా ఎవరో ఊరుకున్నారు. తాము ఎవరి ప్రాణం కాపాడుతున్నారో వాళ్ళకు తెలిసే అవకాశమే లేదు. మన కృష్ణా ముఖద్వారంలోనూ మడ అడవి ఉంది. దాని మీద మన జిల్లాలో వచ్చే ఒత్తిడి ఎంతో, ఎవరి దగ్గర నుంచో మీకు నేను చెప్పనక్కర్లేదు. మీ ఇళ్ళలోనే చెరువుల మీద బతికేవాళ్ళు ఉన్నారు, వాళ్ళను తప్పుపట్టి నేను వెళ్ళిపోలేను. ఆ రైతుకు అప్పు ఉంది, పిల్లల ఫీజులు ఉన్నాయి. గేదెను వదిలి రానన్న తాత లాంటివాడే అతనూ. అతని గేదె ఏమిటో అడగకుండా మడ అడవి గురించి ఉపన్యాసం చెబితే కదలడు, కదలమనడం న్యాయమూ కాదు.

2077 నవంబరుకు దివిసీమ ఉప్పెనకు నూరేళ్ళు నిండుతాయి. నేను ఉండను. మీలో చాలామంది ఉంటారు, మీ మనవలు ఉంటారు. అప్పటికి ఈ తీరం ఎలా ఉంటుందన్నది కొంత మన చేతుల్లో లేదు, కొంత ఉంది. ఉన్న భాగంలో చిన్నది ఒకటి మీకు అప్పగిస్తాను. వానాకాలం తర్వాతి తుపానుల కాలం అక్టోబరులో మొదలవుతుంది. ఈలోగా మీ ఊరి తుపాను షెల్టరుకు వెళ్ళండి. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో కనుక్కోండి. అర్ధరాత్రి అడిగితే ఇస్తారో లేదో అడగండి. లోపల వడ్ల బస్తాలు ఉంటే ఎవరివో రాసుకోండి. మెట్లు ఎక్కలేని ముసలివాళ్ళు, నిండు గర్భిణులు, మంచం దిగలేనివాళ్ళు ఏ వీధిలో ఎంతమంది ఉన్నారో, ఎవరు ఎవరిని మోసుకురావాలో పేర్లతో సహా కాగితం మీద పెట్టండి. మీ వీధే కాదు, ఊరి చివర వీధి కూడా. ఆ కాగితం పంచాయతీ ఆఫీసులో ఒకటి, మీ బడిలో ఒకటి ఉంచండి. వచ్చే ఆదివారం పొద్దున్నే కోడూరు వైపు ఊళ్ళకు నేను బయల్దేరుతున్నాను. రాగలిగినవాళ్ళు సభ అయ్యాక నాకు పేరు ఇవ్వండి.

నమస్కారం.