సెన్సర్ పోయిందన్నారా? ముందు రీడింగ్ చూపించమనండి

[తెరపై: మీటర్‌లో వెలుగుతున్న పసుపు ఇంజన్ గుర్తు]

నమస్తే. ఈ పసుపు లైటు వెలగగానే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. బండిని షెడ్డుకు తీసుకెళ్తాం, స్కానర్ పెడతారు, రెండు నిమిషాల్లో ‘సెన్సర్ పోయింది’ అంటారు. డబ్బు కట్టి ఇంటికొస్తాం. వారం తిరక్కముందే అదే లైటు మళ్లీ వెలుగుతుంది.

స్కానర్ చూపించే కోడ్‌లో సెన్సర్ పేరు ఉంటుంది కాబట్టి సెన్సరే పాడైందని అనుకుంటాం. నిజానికి ఆ కోడ్ చెప్పేది ఇంతే: ఫలానా లైన్లో ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌కు అందుతున్న లెక్క నమ్మేలా లేదు. ఆ లైన్లో సెన్సర్‌తో పాటు కప్లర్ (సెన్సర్‌కు వైరును కలిపే ప్లగ్గు), వైరు, ఎర్తింగ్ కూడా ఉన్నాయి. వాటిలో ఏది పోయిందో వెతకాల్సింది మనిషే.

ఇవాళ ఒక కోడ్ పట్టుకుని లోపలిదాకా వెళ్దాం. పీ0118.

[తెరపై: స్కానర్ లైవ్ డేటా. కూలెంట్ ఉష్ణోగ్రత: మైనస్ 40]

ఇది కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ లైనుకు సంబంధించిన కోడ్. ఇది వచ్చిన బండ్లలో చాలావాటికి రేడియేటర్ ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంది, మైలేజ్ పడిపోతుంది, స్టార్టింగ్ సతాయిస్తుంది. ఫ్యాన్ ఆగట్లేదంటే ఇంజన్ వేడెక్కుతోందని థర్మోస్టాట్, రేడియేటర్ దాకా విప్పించుకునేవాళ్లూ ఉన్నారు. అసలు సంగతి వేరు. కంప్యూటర్ ఈ సెన్సర్ లైనుకు 5 వోల్టులు ఇస్తుంది. చల్లగా ఉన్నప్పుడు సెన్సర్ రెసిస్టెన్స్ ఎక్కువగా ఉంటుంది, వేడెక్కేకొద్దీ తగ్గుతుంది. ఎక్కడైనా లైను తెగితే కరెంటు పారదు, వోల్టేజీ 5 దగ్గరే నిలిచిపోతుంది. కంప్యూటర్ దాన్ని విపరీతమైన చలి అని లెక్కేస్తుంది. మే నెల మధ్యాహ్నం హన్మకొండ చౌరస్తాలో తారు మెత్తబడుతుంటే, బండి లెక్కలో మాత్రం మైనస్ 40 డిగ్రీలు! ఇక రీడింగ్ నమ్మలేం కాబట్టి, ఎందుకైనా మంచిదని ఫ్యాన్‌ను తిప్పుతూనే ఉంటుంది.

[తెరపై: కప్లర్ తీసి, రెండు పిన్నుల మధ్య చిన్న వైరు ముక్క]

లైను తెగింది సెన్సర్ లోపలా, బయటా? ఇంజన్ ఆపి, తాళం మాత్రం ఆన్‌లో ఉంచండి. సెన్సర్ కప్లర్ పీకి, వైరింగ్ వైపున్న రెండు పిన్నులను చిన్న వైరుతో కలపండి. రీడింగ్ ఒక్కసారిగా 120 డిగ్రీలు దాటి పోయిందనుకోండి, వైరింగ్, కంప్యూటర్ రెండూ బాగున్నట్టే. అప్పుడు సెన్సర్ మార్చుకోవచ్చు. మైనస్ 40 కదలకపోతే లోపం సెన్సర్ బయట, ఎక్కువగా వైరులోనే ఉన్నట్టు. కొత్త సెన్సర్ ఎన్నిసార్లు వేసినా ఆ లైటు ఆరదు.

ఒక్క జాగ్రత్త. ఈ పని రెండు వైర్ల టెంపరేచర్ సెన్సర్‌కే. మూడు వైర్లున్న చోట ఇలా కలిపితే మిగతా సెన్సర్లకు వెళ్లే సప్లై కూడా పడిపోవచ్చు. అనుమానం ఉంటే ఆటో ఎలక్ట్రీషియన్‌తో చేయించండి.

వైరు ఎందుకు తెగుతుంది అంటారా? మన దగ్గర మొదటి అనుమానం ఎలుక మీదే. నర్సంపేట, పరకాల వైపు ఊళ్లలో వడ్ల బస్తాలు, పత్తి కుప్పల పక్కనే కారు పెడతాం. రాత్రి వెచ్చటి బానెట్ కింద దూరి వైర్లు కొరుకుతాయి. బానెట్ ఎత్తినప్పుడు పెంటికలు, పత్తి పీచు కనబడితే స్కానర్ కంటే ముందు టార్చి తీయండి. ఇంకోటి నీళ్లు. 2023 జూలై చివర్లో వరంగల్ కాలనీలు మునిగినట్టు మునిగితే, బండి ఆరాక కూడా కప్లర్ పిన్నులకు పచ్చ తుప్పు పట్టి నెలల తర్వాత బయటపడొచ్చు. ఒకేసారి సంబంధం లేని కోడ్లు నాలుగైదు వస్తే మాత్రం సెన్సర్ల జోలికి పోకుండా బ్యాటరీ చూడండి. బండి ఆపి ఉంచినప్పుడు 12.6 వోల్టుల దగ్గర ఉండాలి.

ఇక పీ0171. ఇంజన్‌లో గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అని దీని అర్థం. ఈ కబురు చెప్పేది ఆక్సిజన్ సెన్సర్, అందుకని వేలు పోసి ముందు దాన్నే మార్చేస్తారు. పాపం, అది ఉన్నమాటే చెప్పి ఉండొచ్చు! లైవ్ డేటాలో ఫ్యూయల్ ట్రిమ్ చూడండి, అంటే కంప్యూటర్ పెట్రోల్‌ను మామూలు కంటే ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో ఆ లెక్క. సున్నాకు అటూ ఇటూ 10 శాతం లోపుంటే పర్వాలేదు. గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ ఉన్న బండిలో, ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు, 20 దాటి, 2500 ఆర్‌పీఎమ్‌కు లేపగానే తగ్గిపోతే ఎక్కడో పైపు పగిలి గాలి పీలుస్తోంది. లోడు పెరిగేకొద్దీ ట్రిమ్ కూడా పెరిగితే పెట్రోల్ ఫిల్టర్, పంపు, మురికి పట్టిన మాఫ్ వైపు చూడాలి. కరీంనగర్ క్వారీల దుమ్ములోనో, గోదావరిఖని బొగ్గు రోడ్ల మీదో తిరిగే బండి అయితే ఎయిర్ ఫిల్టర్ తీసి చూడకుండా ఏ సెన్సర్‌కూ డబ్బు కట్టకండి.

చిన్న పెట్రోల్ కార్లు చాలావాటిలో మాఫ్‌కు బదులు, ఇంజన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్ ఉంటుంది. దాని పరీక్ష ఇంకా తేలిక. ఇంజన్ ఆపి, తాళం ఆన్ చేస్తే బయటి గాలి ఒత్తిడినే చూపాలి. వరంగల్ ఎత్తుకు అది 97 కిలోపాస్కల్‌కు కాస్త అటూ ఇటూ. స్టార్ట్ చేస్తే ఐడిల్‌లో 30, 40 మధ్యకు దిగాలి.

[తెరపై: మెకానిక్ షెడ్డు]

మెకానిక్‌ను అనుమానించినట్టు కాకుండా ఇలా అడగండి: ‘అన్నా, కోడ్ ఏమొచ్చింది? వైరు, కప్లర్ చూసిన్రా? లైవ్ డేటాల రీడింగ్ జెర చూపియ్యుండ్రి.’ కోడ్ చెరిపేసే ముందు ఫొటో తీసుకోండి. కోడ్ పడిన క్షణంలో స్పీడు, వేడి ఎంతో కూడా దాంతోపాటు నమోదై ఉంటాయి, చెరిపితే అవీ పోతాయి. తప్పంతా షెడ్డువాళ్లదే అనను. గంటసేపు వైరు వెతికితే వంద రూపాయల చెకింగ్ చార్జికి గొణుగుతాం, పార్ట్ మారిస్తే మాట్లాడకుండా వేలు ఇస్తాం. వెతికినందుకు డబ్బివ్వండి.

పసుపు ఇంజన్ లైటు ఆరి వెలుగుతూ మిణుకుమంటే, లేదా ఎర్ర ఆయిల్ లైటు, ఎర్ర టెంపరేచర్ లైటు వస్తే ఈ పరీక్షలేవీ వద్దు. పక్కకు ఆపి ఫోన్ చేయండి.

టెంపరేచర్ సెన్సర్ ఇప్పటికే మార్పించి ఉంటే పాతది అడిగి తెచ్చుకోండి. మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి రెండు పిన్నులకు తాకించండి. మామూలు గది వేడిలో చాలా సెన్సర్లు రెండు వేల ఓమ్స్ చుట్టుపక్కల చూపిస్తాయి. కొనను వేడి నీళ్లలో ముంచితే ఆగకుండా దిగుతూ కొన్ని వందలకు రావాలి. అలా దిగిందంటే ఆ సెన్సర్ బాగానే ఉన్నట్టు. రీడింగ్ వీడియో తీసి, ఆ సెన్సర్ పట్టుకుని అదే షెడ్డుకు వెళ్లండి.