అటక మీద తుపాకి, పెట్టెలో మెడల్స్

యాంకర్: నమస్కారం, విజయవాడ స్టూడియో నుంచి. పాత తుపాకులు, కత్తులు, మిలిటరీ మెడల్స్ గురించి సార్‌ని అడగొచ్చు. గుంటూరు బ్రాడీపేట నుంచి కాల్. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారం సార్. మా అత్తగారిది మిలిటరీ మాధవరం, మా మావయ్య గారు బర్మా యుద్ధానికి వెళ్లొచ్చారు, ఆయన పెట్టె ఇన్నాళ్లకి తెరిస్తే రెండు మెడల్స్ ఉన్నాయి, ఒకటి నక్షత్రంలా ఉంది, నల్లబడిపోయాయి, మా కోడలేమో చింతపండుతో తోమేద్దామంటోంది, పైగా అటక మీద ఇంత పొడుగు తుపాకి కూడా...

నిపుణుడు: ఆగండమ్మా. తోమొద్దు. నక్షత్రం మీద ఏం రాసుంది?

కాలర్: బర్మా స్టార్ అని, మధ్యలో కిరీటం.

నిపుణుడు: అది రాగి, జింకు కలిసిన లోహం. పులుపు తగిలితే నలుపుతో పాటు అక్షరాల అంచులూ అరుగుతాయి, మళ్లీ రావు. మెత్తటి నూలుగుడ్డతో దుమ్ము తుడవండి, చాలు. రిబ్బన్‌కి మధ్యలో ఎరుపు, పక్కల ముదురు నీలం, నారింజ చారలుంటాయి, చిరిగినా కొత్తది వేయించొద్దు. మిలిటరీ నుంచి వచ్చేసేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి బుక్ ఉందా?

కాలర్: ఉందండీ, పురుగు కొట్టింది.

నిపుణుడు: అదే అన్నిటికంటే విలువైనది. ఆ కాగితం పోతే ఆ మెడల్ ఎవరిదో చెప్పేవాళ్లుండరు. రెండూ ఒకేచోట ఉంచండి, పొడిగా.

కాలర్: అలాగే సార్. మరి ఒక్క మూల కొంచెం చింతపండు పెట్టి చూస్తే?

నిపుణుడు: ఒక్క మూల కూడా వద్దమ్మా. తుపాకి సంగతి చెప్పండి.

కాలర్: గొట్టం వెనక చిన్న సుత్తిలాంటిది ఉందండీ. మనవడు లాగి వదిలితే టక్‌మంటోంది.

నిపుణుడు: అమ్మా, పిల్లాణ్ణి దాని దగ్గరికి పోనివ్వకండి, ఇప్పుడే. ముందు నుంచి మందు కూరే తుపాకుల్ని లోడ్ చేసి అలాగే వదిలేసేవాళ్లు. మందు పొడిగా ఉంటే వందేళ్ల తర్వాతైనా అంటుకుంటుంది. కదపొద్దు, పోలీస్ స్టేషన్‌కి మీరు మోసుకెళ్లొద్దు, ఫోన్ చేసి వాళ్లనే రమ్మనండి.

కాలర్: కేసు పెడతారేమోనని టెన్షన్ సార్. పాతదేగా?

నిపుణుడు: పాతదైతే చాలదమ్మా. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది, కానీ బాగుచేయించినా పేలని తుపాకికే. లాయర్‌తో ఒకమాట మాట్లాడి, వారసత్వంగా వచ్చిందని రాసివ్వండి. దాచిపెడితేనే ఇబ్బంది.

యాంకర్: థాంక్యూ అమ్మా. తెనాలి నుంచి...

కాలర్: సార్, తాతగారి కత్తిని తోలు ఒరలో పెట్టినా తుప్పు పడుతోంది.

నిపుణుడు: ఒరలో పెట్టబట్టే పడుతోంది బాబూ. తోలు పదును చేసిన రసాయనాలు, అది పీల్చుకున్న తేమ, రెండూ ఇనుముని తింటాయి. విడివిడిగా పెట్టండి. కుట్టుమిషన్ నూనె పల్చగా రాయండి. ఉప్పుకాగితంతో రుద్దొద్దు, ఉత్త చేత్తో పట్టుకోవద్దు, మన ఉక్కపోతకి చేతి చెమట చాలు, వేలిముద్ర ఉన్నచోటే తుప్పు మొదలవుతుంది.

కాలర్: ఫారిన్ వాళ్లకి అమ్మొచ్చా?

నిపుణుడు: వందేళ్లు దాటిందా? అయితే కుదరదు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం అలాంటివి దేశం దాటించకూడదు.

యాంకర్: ఓకే. విజయవాడ నుంచి...

కాలర్: పాత ఆయుధాలు ఇక్కడెక్కడ చూడొచ్చు?

నిపుణుడు: బందరు రోడ్డులో బాపు మ్యూజియం. కత్తులు, డాళ్లు ఉన్నాయి. పిల్లల్నీ తీసుకెళ్లండి.

యాంకర్: బ్రాడీపేట అమ్మగారు మళ్లీ లైన్లోకొచ్చారు.

కాలర్: సార్, కోడలు నిమ్మకాయైతే పర్లేదా అంటోంది.

నిపుణుడు: నిమ్మకాయా పులుపేగా, వద్దమ్మా. మనవడు ఆ తుపాకి దగ్గర లేడు కదా?

కాలర్: లేడండీ. నిచ్చెన తీసేశాను.

నిపుణుడు: మంచి పని చేశారు.