మెలకువ ఖరీదు

అందరికీ నమస్కారం. శీతాకాల సుప్తావస్థలోకి వెళ్లే జంతువులు నెలల తరబడి దేంతో బతుకుతాయని అడిగితే, ఎవరైనా చెప్పే జవాబు ఒకటే: కొవ్వు. నిజమే. గ్రాము పిండిపదార్థం 4 కిలోకేలరీలిస్తే, గ్రాము కొవ్వు 9 ఇస్తుంది. పైగా గ్రాము కొవ్వు ఖర్చయితే ఇంచుమించు గ్రాము నీరు పుడుతుంది. తిండీ నీళ్లూ ఒకే మూటలో ఉన్నట్టు.

అయితే మామూలుగా బతికితే ఆ మూట చలికాలం సగానికి కూడా రాదు. అందుకని ఖర్చు తగ్గించుకుంటాయి. ఆర్కిటిక్ నేల ఉడుత ఒంటి వేడి మైనస్ 2.9 డిగ్రీల సెల్సియస్ దాకా దిగినట్టు 1989లో వెల్లడైంది. అంత చలిలోనూ దాని రక్తం మంచు కట్టలేదు! ఆ స్థితిలో జీవక్రియ మామూలులో నూటికి ఐదు వంతులు కూడా ఉండదు.

నన్ను ఆశ్చర్యపరిచేది ఆ తర్వాతి సంగతి. ఇంత పొదుపరి ఉడుత, రెండు మూడు వారాలకోసారి లేస్తుంది. కొద్ది గంటల్లో ఒళ్లు 36 డిగ్రీలకు వేడెక్కుతుంది. ఈ వేడి, ఒంటిని వెచ్చబరిచే గోధుమ రంగు కొవ్వు నుంచి మొదలవుతుంది. కణాల్లో శక్తి తయారయ్యే చోటైన మైటోకాండ్రియాలో, కణాల ఇంధనమైన ఏటీపీగా మారాల్సిన శక్తిని యూసీపీ1 అనే ప్రోటీన్ పక్కదారి పట్టించి నేరుగా వేడిగా వదిలేస్తుంది. వణుకు తర్వాత తోడవుతుంది. ఒక రోజు గడిచేసరికి ఉడుత మళ్లీ చల్లబడుతుంది. చలికాలం మొత్తం ఖర్చులో సింహభాగం ఈ కొద్దిపాటి మెలకువలదే. ఇంతకీ లేచి ఏం చేస్తుందనుకున్నారు? చాలాసేపు నిద్రపోతుంది! చల్లబడి పడి ఉండటం అసలు నిద్ర కాదు, నిద్ర బాకీ తీర్చుకోవడానికే లేస్తుందని కొందరి వాదన. రోగనిరోధక శక్తిని మేల్కొల్పడానికని మరికొందరంటారు.

ఎలుగుబంటి మాట ఎత్తలేదేమని అనుకుంటున్నారేమో. దాని లెక్క వేరు. ఒళ్లు 30 డిగ్రీలకు పైనే ఉంచుకుని, జీవక్రియను పావు వంతుకు తెస్తుంది. ఒంట్లో వ్యర్థంగా పుట్టే యూరియాలోని నత్రజనిని ప్రోటీన్ల తయారీకి తిరిగి వాడుకుంటుంది, అందుకే కండ పెద్దగా కరగదు.

ఖర్చు ఎక్కువగా మెలకువలోనే ఉందని గబ్బిలాలను చూస్తే తెలుస్తుంది. 2006 నుంచి ఉత్తర అమెరికాలో ముక్కు మీద తెల్లగా పెరిగే ఒక బూజు లక్షల గబ్బిలాలను చంపింది. అది సోకితే గబ్బిలం మాటిమాటికీ లేస్తుంది. బయట పురుగులు రాకముందే కొవ్వు అయిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న గబ్బిలమైనా ఒక్కసారి లేస్తే వారాల సుప్తావస్థకు సరిపోయే కొవ్వు పోతుంది. చలికాలంలో గబ్బిలాల గుహల్లోకి మనుషుల్ని రానివ్వకపోవడానికి ఒక కారణం ఇదే.