పాము కాటుకు తాడు బిగించొద్దు

శ్రోతలకు నమస్కారం.

సార్వా ఊడ్పులు మొదలైతే మన డెల్టాలో పాము భయం కూడా మొదలవుతుంది. గోదావరికి వరదొచ్చిందంటే లంకల్లో పాములూ మనలాగే మెరక వెతుక్కుని గట్టెక్కుతాయి. ఎవరికైనా కాటు పడిందనగానే తువ్వాలో, కొబ్బరితాడో, ఏది అందితే అది తీసి కాలికి బిగించేస్తాం. ఈమధ్య ఫస్ట్ ఎయిడ్ పెట్టెల్లో టోర్నికే అనే బెల్టు కూడా వస్తోంది.

ఆ బెల్టు మంచిదే. కోతమిషన్‌లో కాలు పడి రక్తం చిమ్ముతున్నప్పుడు, గట్టిగా అదిమిపట్టినా ఆగనప్పుడు, ప్రాణం నిలిపేది అదే. పాము కాటుకు మాత్రం వాడకూడదు. తాడైనా అంతే.

రక్తపింజరి విషం కరిచిన చోట కండను పాడుచేస్తుంది. పైన బిగిస్తే విషం అక్కడే నిలిచిపోతుంది, రక్తం అందక కాలు కుళ్లుతుంది. కాటుతో పోని కాలు కట్టుతో పోవచ్చు. నాగుపాము, కట్లపాము అయితే ఇంకో ప్రమాదం. బిగించిన కట్టు ఒక్కసారిగా విప్పితే ఆగిన విషమంతా ఒంట్లోకి ఉరుకుతుంది, ఊపిరి తీసే కండరాలు చచ్చుబడతాయి. అందుకే ఎవరైనా ఇప్పటికే గట్టిగా కట్టేసి ఉంటే దారిలో విప్పొద్దు. ఆసుపత్రిలో డాక్టరు పక్కనుండగా విప్పాలి. ఆ తాడు కట్టేది సొంత అన్నో, కొడుకో, ప్రాణం కాపాడాలన్న ఆత్రంతోనే కడతారు. అది తలుచుకుంటేనే నాకు బాధగా ఉంటుంది.

బ్లేడుతో కోయడం, పంపుతో లాగడం కూడా వద్దు. పంపులోకి వచ్చేది రక్తమే. పింజరి కాటుకు రక్తం గడ్డకట్టదు కాబట్టి కోసిన గాటు కారుతూనే ఉంటుంది.

మనిషిని పడుకోబెట్టి ధైర్యం చెప్పండి. మెట్టెలు, పట్టీలు తీసేయండి, వాపొస్తే అవే బిగుసుకుంటాయి. కాలు విరిగినప్పటిలాగే వెదురుబద్ద పెట్టి వదులుగా చుట్టండి. నడిపించొద్దు, కండ కదిలేకొద్దీ విషం పాకుతుంది. 108కి ఫోన్ చేయండి. పంటు దాటాల్సిన లంకైతే రేవుదాకా మంచం మీదే మోసుకెళ్లండి.

పామును చంపి తేవాలని వెనకాల పరిగెత్తొద్దు. నాగు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు మందు ఒక్కటే. గాజు గొట్టంలో కొంచెం రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డకట్టిందో లేదో డాక్టరే చూస్తారు.

కట్లపాము సంగతి వేరుగా చెప్పాలి. రాత్రిపూట నేలమీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి పెద్దగా తెలీదు, గాటు కూడా చాలాసార్లు కనబడదు. తెల్లారి కడుపునొప్పి అంటూ లేచినవాళ్లకు రెప్పలు వాలిపోతుంటే, మాట ముద్దగా వస్తుంటే, పాము కంటపడకపోయినా సరే, వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి.