జర్మనీలో ఆదివారం షాపులు ఎందుకు తెరవరు?

[దృశ్యం: మూసిన షట్టర్లు, ఖాళీగా ఉన్న సూపర్‌మార్కెట్ పార్కింగ్]

వాయిస్: నమస్కారం. ఎమ్మెస్ చదవడానికో, ఉద్యోగానికో జర్మనీ వచ్చిన మనవాళ్ళు మొదటి ఆదివారం బయటికెళ్ళి అడిగే ప్రశ్న, "ఈరోజు ఏమైనా బందా?" అని. బందూ లేదు, గొడవా లేదు. ఇక్కడ దాదాపు ప్రతి ఆదివారం ఇంతే. ఉల్లిపాయలు అయిపోయినా, పాలు విరిగిపోయినా సోమవారం దాకా ఆగాల్సిందే.

జనం చర్చికి వెళ్తారు కాబట్టి షాపులు మూసేస్తారని చాలామంది అనుకుంటారు. ఇప్పుడు ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళు తక్కువే. అయినా షట్టర్లు లేవవు. అసలు కారణం రాజ్యాంగంలో ఉంది.

[దృశ్యం: స్క్రీన్ మీద రెండు సంవత్సరాలు: 1919, 1949]

వాయిస్: 1919లో జర్మనీకి వచ్చిన రాజ్యాంగాన్ని వైమార్ రాజ్యాంగం అంటారు. అందులో 139వ అధికరణ ఉంది. ఆదివారాన్ని, ప్రభుత్వం గుర్తించిన సెలవు దినాలను పని నుంచి విశ్రాంతి తీసుకునే రోజులుగా, మనసుకు ఊరటనిచ్చే రోజులుగా చట్టం కాపాడుతుందని అది చెబుతుంది. 1949లో పశ్చిమ జర్మనీ కొత్త రాజ్యాంగం రాసుకున్నప్పుడు, 140వ అధికరణ కింద ఆ మాటను అలాగే ఉంచుకుంది. నేటికీ అది అమల్లోనే ఉంది.

షాపు వేళలను మాత్రం 2006 నుంచి ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే నిర్ణయించుకుంటోంది. బెర్లిన్‌లో మామూలు రోజుల్లో రాత్రంతా తెరిచి ఉంచుకోవచ్చు. బవేరియాలో రాత్రి ఎనిమిదికి మూసేయాలి. కానీ ఆదివారం దగ్గరికి వచ్చేసరికి ఏ రాష్ట్రమైనా రాజ్యాంగానికి లోబడాల్సిందే.

దీని మీద ఒక పెద్ద కేసే నడిచింది. క్రిస్మస్ ముందు వచ్చే నాలుగు ఆదివారాలూ షాపులు తెరుచుకోవచ్చని బెర్లిన్ రాష్ట్రం చట్టం చేసింది. ప్రొటెస్టెంట్, క్యాథలిక్ చర్చిలు కోర్టుకెళ్ళాయి. 2009 డిసెంబర్ 1న కార్ల్స్‌రూయే నగరంలోని జర్మనీ రాజ్యాంగ కోర్టు, ఇలా వరుసగా నాలుగు ఆదివారాలు కుదరదని తేల్చింది. అమ్మేవాళ్ళకు వ్యాపారం పెరగాలని ఉంటుంది, కొనేవాళ్ళకు షాపింగ్ చేయాలని ఉంటుంది, కానీ ఆదివారం షాపు తెరవడానికి ఆ రెండూ చాలవని చెప్పింది.

నాకు ఈ తీర్పులో బాగా నచ్చేది ఇదే. కార్మిక సంఘాలు కూడా ఈ విషయంలో చర్చిల వైపే నిలబడ్డాయి. కౌంటర్ దగ్గర కూర్చునే ఆవిడకు మంగళవారం సెలవిస్తే సరిపోదా అని అడగవచ్చు. మంగళవారం పిల్లలు బడిలో ఉంటారు, భర్త పనిలో ఉంటాడు, స్నేహితులెవరూ ఖాళీగా ఉండరు. అందరికీ ఒకేరోజు సెలవుంటేనే నలుగురూ కలిసి కూర్చోగలరు. హైదరాబాద్‌లో పెద్ద బట్టల షాపులో రోజంతా నిలబడి చీరలు చూపించే అమ్మాయికి ఆదివారమే ఎక్కువ పని. ఆ అమ్మాయిని తలచుకుంటే ఈ చట్టం విలువ నాకు ఇంకా బాగా తెలుస్తుంది.

మరి హాస్పిటళ్ళు, రైళ్ళు, హోటళ్ళు? అవి నడుస్తాయి. అయితే అక్కడ పనిచేసేవాళ్ళకు కూడా ఏడాదిలో కనీసం 15 ఆదివారాలు సెలవివ్వాలని 1994 నాటి పనివేళల చట్టం చెబుతుంది. పనిచేసిన ఆదివారానికి బదులుగా మరోరోజు సెలవు కూడా ఇవ్వాలి.

[దృశ్యం: ఖాళీగా ఉన్న హైవే, తర్వాత పార్కులో నడుస్తున్న కుటుంబాలు]

వాయిస్: ఆదివారం హైవే మీద కార్లే తప్ప పెద్ద లారీలు అంతగా కనిపించవు. 7.5 టన్నులు దాటిన సరుకు లారీలు రాత్రి పది దాకా రోడ్డెక్కకూడదు. పాలు, కూరగాయల్లాంటి వాటికి మినహాయింపు ఉంది. ఇళ్ళ మధ్య గడ్డి కోసే మెషిన్ వాడకూడదు. గోడకు డ్రిల్లింగ్ పెట్టకూడదు. ఖాళీ గాజు సీసాలను వీధి చివర డబ్బాలో వేయడం కూడా కుదరదు, పగిలిన చప్పుడు వీధంతా వినిపిస్తుంది కదా! మన ఇళ్ళలో ఆదివారం పొద్దున్నే మిక్సీలో ఇడ్లీ పిండి రుబ్బుతాం. ఇక్కడ అపార్ట్‌మెంట్‌లో ఉంటే ఆ పని శనివారం సాయంత్రమే చేసేయండి. వాషింగ్ మెషిన్ సంగతి మీ బిల్డింగ్ నియమాల కాగితంలో చూసుకోండి, ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది.

[దృశ్యం: రైల్వే స్టేషన్ లోపల సూపర్‌మార్కెట్, జనం]

వాయిస్: అత్యవసరమైతే ఎక్కడికి వెళ్ళాలి? బెర్లిన్ లాంటి నగరాల్లో పెద్ద రైల్వే స్టేషన్లో, ఎయిర్‌పోర్టులో సూపర్‌మార్కెట్ తెరిచి ఉంటుంది. పెట్రోల్ బంకులో పాలు, బ్రెడ్ దొరుకుతాయి, ధర కాస్త ఎక్కువ. బేకరీలు చాలావరకు పొద్దున కొన్ని గంటలు తెరుస్తారు. మందులకు టెన్షన్ పడకండి. ప్రతి ప్రాంతంలో వంతులవారీగా ఒక మందుల షాపు డ్యూటీలో ఉంటుంది. ఏ షాపుది వంతో మిగతా షాపుల తలుపు మీద రాసి పెడతారు. డాక్టర్ కావాలంటే 116117కి ఫోన్ చేయండి. ప్రాణాపాయమైతే 112.

ఈస్టర్‌కు మాత్రం ముందే లెక్క వేసుకోండి. గుడ్ ఫ్రైడే, ఆదివారం, సోమవారం మూడు రోజులూ షాపులు మూతే. మధ్యలో శనివారం తెరుస్తారు గానీ, బిల్లింగ్ కౌంటర్ల దగ్గర క్యూలు బారులు తీరి ఉంటాయి. బియ్యం, పప్పు, ఉల్లిపాయలు గురువారం పొద్దునే తెచ్చి పెట్టుకోండి.