లైటు వెలుగుతుంది, జాక్ కదలదు: ఎలక్ట్రిక్ టంగ్ జాక్ రివ్యూ

నమస్తే అండి. టంగ్ జాక్ అంటే, కారు వెనక తగిలించే ట్రైలర్ ముందు భాగాన్ని పైకి లేపి దించే జాక్. ముందే చెప్పేస్తాను, ఈ జాక్‌ని కంపెనీ వాళ్ళు నాకు ఉచితంగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, ఏం మాట్లాడాలో కూడా చెప్పలేదు. 3,500 పౌండ్లు ఎత్తుతుంది, 12 వోల్టుల మోటార్, 18 అంగుళాల లిఫ్ట్... ఇవన్నీ మీరు ఈపాటికి చూసే ఉంటారు, నేను వాటి జోలికి పోను. ఆరు నెలలు వాడాను. ఆ అనుభవం చెప్తాను.

ఇంతకు ముందు మా ట్రైలర్‌కి చేత్తో తిప్పే జాక్ ఉండేది. చెరకు రసం మిషన్ చక్రం ఎలా తిప్పుతారో అలా తిప్పుతూనే ఉండాలి. మా ఆవిడకి భుజం నొప్పి మొదలయ్యాక ఆ హ్యాండిల్ ముట్టుకోవడమే మానేసింది. అందుకే ఈ జాక్ బిగించిన రోజు మా ఇంట్లో పండగే. స్విచ్ నొక్కితే చాలు, 600 పౌండ్ల ముందు భాగం మెల్లగా పైకి లేస్తుంది. చప్పుడు కూడా తక్కువ. తెల్లవారుజామున క్యాంప్‌గ్రౌండ్‌లో పక్క సైట్ వాళ్ళని లేపకుండా బయలుదేరొచ్చు. మోటార్ విషయంలో వంక పెట్టడానికి లేదు.

అక్టోబర్‌లో డాలస్ నుంచి టెక్సస్‌లోనే ఉన్న పాలో డ్యూరో కాన్యన్ అనే పెద్ద లోయకి వెళ్ళాం, ఆరు గంటల పైనే డ్రైవ్. తిరుగు ప్రయాణం రోజు పొద్దున స్విచ్ నొక్కితే టిక్‌మని శబ్దం, అంతే. జాక్ మీదున్న లైటు వెలుగుతోంది. స్విచ్ నొక్కగానే మాత్రం దీపం కొండెక్కినట్టు డల్ అయిపోతోంది. పిల్లలు కారెక్కి కూర్చున్నారు, నాకు ఒకటే టెన్షన్.

ఫ్యూజ్ చూశాను, 30 ఆంపులది, బాగానే ఉంది. బ్యాటరీ 12.6 వోల్టులు, ఫుల్. ఇలాంటప్పుడు మోటార్ పోయిందనుకుంటాం. కానీ ఆ లైటు ఎందుకు డల్ అవుతోందో ఒక్కసారి ఆలోచించండి. లైటుకి కావాల్సింది చిటికెడు కరెంటు, తుప్పు పట్టిన జాయింట్‌లోంచి కూడా ఎలాగోలా వచ్చేస్తుంది. మోటార్‌కి బోలెడు కావాలి. అంత కరెంటు లాగేసరికి వోల్టేజి ఆ జాయింట్ దగ్గరే పడిపోతుంది.

ఈ జాక్‌కి ఉన్నది ఒక్కటే వైరు, పాజిటివ్. నెగటివ్ అంతా బాడీ నుంచే, మన ఆటో ఎలక్ట్రీషియన్లు బాడీ ఎర్త్ అంటారే, అదే. మల్టీమీటర్ నల్ల పిన్ను బ్యాటరీ నెగటివ్ మీద, ఎర్ర పిన్ను జాక్ బాడీ మీద పెట్టి, మా ఆవిడని స్విచ్ నొక్కమన్నాను. దాదాపు సున్నా రావాలి. 7 వోల్టులు చూపించింది! జంపర్ కేబుల్‌తో బ్యాటరీ నెగటివ్‌ని జాక్ బాడీకి, పెయింట్ లేని చోట కలిపాను. గర్‌ర్‌మని లేచింది. అలాగే ట్రైలర్‌ని కారుకి తగిలించుకుని ఇంటికొచ్చాం.

ఇప్పుడు కెమెరా దగ్గరగా తెస్తున్నాను, చూడండి. ఇది జాక్ ఫ్లాంజ్, అంటే జాక్‌ని బిగించే ఇనుప పళ్ళెం లాంటి భాగం, మూడు బోల్టులతో ట్రైలర్ ఫ్రేమ్ మీద కూర్చుంటుంది. ఫ్రేమ్‌కీ పెయింటే, ఫ్లాంజ్ అడుగునా మందపాటి పెయింటే. బిగించినప్పుడు బోల్టు మరలు గీసుకుని కాస్త కాంటాక్ట్ దొరికింది. నాలుగు వానలు పడేసరికి అక్కడ తుప్పు పట్టింది. ఎర్త్ బాడీ నుంచే రావాలని తెలిసి కూడా అక్కడ పెయింట్ ఎందుకు వేశారు? మాన్యువల్‌లో గీకమని ఒక్క ముక్క కూడా రాయలేదు. నాకు ఒళ్ళు మండింది ఇక్కడే.

నేనేం చేశానంటే, చక్రాలకి అడ్డం పెట్టి, ఫ్రేమ్ కింద స్టాండు వేసి, ఆ తర్వాతే బోల్టులు తీశాను. దయచేసి ఆ వరస తప్పొద్దు. ఎమరీ పేపర్‌తో రెండు వైపులా ఇనుము మెరిసేదాకా రుద్ది, పళ్ళున్న స్టార్ వాషర్లు వేసి బిగించి, పైన గ్రీజు పూశాను. జాక్ బాడీ నుంచి బ్యాటరీ నెగటివ్‌కి లావుపాటి వైరు కూడా విడిగా లాగాను.

అన్నట్టు, పైన రబ్బరు మూత తీస్తే హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పే వీలుంది. ఆ హ్యాండిల్ ట్రైలర్‌లోనే పెట్టుకోండి, గ్యారేజీలో వదిలేయకండి.

కొనొచ్చా అంటే, అయిదుకి మూడున్నర. మోటార్ ఒక్కటే చూస్తే నాలుగున్నర ఇచ్చేవాణ్ణి. ఆ ఒక్క స్టార్ పెయింట్‌కి పోయింది. కొంటే మాత్రం బిగించే రోజే గీకండి, నాలా ఊరు కాని ఊళ్ళో ఇబ్బంది పడకండి.

ఇదిగో, ఇప్పుడు మా ఆవిడ నొక్కుతోంది. లైటునే చూడండి... జాక్ లేస్తోంది, లైటు కాస్త కూడా తగ్గలేదు.